డిక్కీ పెద్దది కావాలి, బడ్జెట్ చిన్నది: పాత బండ్లపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే అడిగాయి. మనుషులూ పట్టాలి, సామానూ పట్టాలి, ఆరేడు లక్షలు దాటకూడదు.

ప్రశ్న: ఇంట్లో ఆరుగురం. నెలకోసారి హైదరాబాద్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తాం. బియ్యం, కొబ్బరికాయలు, పచ్చళ్ళ జాడీలు లేకుండా బయల్దేరడం మా ఇంట్లో జరగని పని. చేతిలో 6 లక్షలు ఉన్నాయి. పాత ఎర్టిగా తీసుకోమని ఒకరు, ఇన్నోవా అయితే రాయిలా ఉంటుందని ఒకరు, ట్రైబర్ అయితే కాస్త కొత్త బండి వస్తుందని ఇంకొకరు అంటున్నారు. ఏది నయం? – కె.ఎస్., తణుకు

ముందు డిక్కీ లెక్క తేల్చుకుందాం. ఏడు సీట్లూ నిలబెట్టి ఉంచితే ఈ ధరలో ఏ బండిలోనూ చెప్పుకోదగ్గ డిక్కీ ఉండదు. 2012లో వచ్చిన మొదటి తరం ఎర్టిగాలో మూడో వరస వెనక మిగిలేది 135 లీటర్లు. 2018 నవంబరులో వచ్చిన రెండో తరంలో అది 209 అయింది. ట్రైబర్‌లో అయితే 84 లీటర్లే. కాకపోతే దాని మూడో వరస సీట్లను ఊడదీసి ఇంట్లో పెట్టేయొచ్చు. అప్పుడు 625 లీటర్లు వస్తుంది.

మీరు ఆరుగురే కావడం ఇక్కడ కలిసొచ్చే విషయం. 2015 చివర్లో మార్పులతో వచ్చిన ఎర్టిగాల నుంచి మూడో వరస రెండు సగాలుగా మడతపడుతుంది. ముందు ఇద్దరు, మధ్యలో ముగ్గురు, వెనక ఒక సగంలో ఒకరు కూర్చుంటే రెండో సగం మడిచి బియ్యం బస్తాలు పెట్టుకోవచ్చు. ఇక బరువు. ఎర్టిగా పెట్రోలు బండి మోయగలిగింది మనుషులతో కలిపి సుమారు 550 కేజీలు. ఆరుగురికి తలా 65 చొప్పున 390 పోతే 160 మిగులుతుంది. అంటే 26 కేజీల బస్తాలు నాలుగు, ఒక కొబ్బరికాయల గోనె, రెండు బ్యాగులు. అంతకు మించితే వెనక స్ప్రింగులు కూర్చుంటాయి, బ్రేకులు ఆలస్యంగా పట్టుకుంటాయి. బరువును వెనక డోరుకు ఆనించకుండా మధ్య వరస సీట్ల వెనకకు ఆనించి పేర్చండి.

ట్రైబర్ ఇంజన్ 999 సీసీ. ఊళ్ళో తిరగడానికి చాలు. ఆరుగురితో, సామానుతో, ఏసీ వేసుకుని 400 కిలోమీటర్ల హైవే అంటే ప్రతి ఓవర్‌టేక్‌కూ గేరు దించాల్సి వస్తుంది. మీ వాడకానికి వద్దనే అంటాం.

ఇన్నోవా గట్టి బండే, కాదనం. కానీ మీ డబ్బుకు వచ్చేది పది పన్నెండేళ్ళ 2.5 డీజిల్, రెండు లక్షల కిలోమీటర్లు దాటినది. దానిలో టైమింగ్ బెల్టు (పిస్టన్లకు తగ్గట్టు వాల్వులు తెరిచి మూసే బెల్టు) ఉంటుంది. లక్ష నుంచి లక్షన్నర కిలోమీటర్ల మధ్య మార్చాలి. టైమ్ వచ్చినప్పుడు డ్యాష్‌బోర్డు మీద టీ-బెల్ట్ అని లైటు వెలుగుతుంది. బెల్టు మార్చకుండా ఆ లైటును మాత్రం ఆర్పేసి అమ్మేవాళ్ళున్నారు. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని హెడ్ దింపాల్సి వస్తుంది. బెల్టు మార్చిన బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క. దానికి తోడు ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్ పని ఒకేసారి పడితే లక్ష రూపాయలు ఇట్టే కరిగిపోతాయి. ఆర్.సి. పదిహేనేళ్ళకు అయిపోతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. పదమూడేళ్ళ బండి కొంటే ఈ తతంగం రెండేళ్ళలో మీ నెత్తిన పడుతుంది.

కాబట్టి ఎర్టిగా. అందులోనూ పెట్రోలు. నెలకు 1,500 కిలోమీటర్లకు పైగా తిరిగితే తప్ప పాత డీజిల్ జోలికి పోవద్దు. మైలేజీలో మిగిలేది ఇంజెక్టర్ల దగ్గర పోతుంది. మొదటి తరంలోని 1.4 పెట్రోలు ఇంజనుకు బెల్టు కాదు, చైను ఉంటుంది. మార్చే గడువంటూ లేదు. ఆయిల్ సరిగ్గా మార్చని బండిలో మాత్రం చైను సాగుతుంది. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ముందు వైపు నుంచి గరగరమని రెండు మూడు సెకన్లకు మించి శబ్దం వస్తే ఆ బండి వదిలేయండి.

6 లక్షలకు సాధారణంగా 2015–2018 మధ్య బండ్లు దొరుకుతాయి. మొత్తం బండికే పెట్టేయకండి, 50–60 వేలు పక్కన ఉంచండి. నాలుగు టైర్లకే (185/65 ఆర్15 సైజు) 20 వేల పైన అవుతుంది. ఇన్సూరెన్సు, పేరు మార్పు, ఆయిళ్ళు, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ అన్నీ కొన్న మొదటి నెలలోనే వచ్చే ఖర్చులు.

బండి చూడ్డానికి వెళ్ళేటప్పుడు 'నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు' అని ఫోన్‌లోనే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నట్టే. చల్లటి ఇంజన్‌లో రేడియేటర్ మూత తీసి చూస్తే కూలెంట్ రంగు శుభ్రంగా ఉండాలి. తుప్పు నీళ్ళలా ఉన్నా, పైన నూనె తేలుతున్నా హెడ్ గ్యాస్కెట్ అనుమానం. స్టార్ట్ చేశాక సైలెన్సర్ దగ్గర నిలబడండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది. డీజిల్ బండైతే ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి పైన బోర్లించి పెట్టండి. గాలికి మూత ఎగిరి పడుతుంటే ఇంజన్ బోరుకొచ్చినట్టు, అంటే లోపల అరిగిపోయినట్టు.

తర్వాత బాడీ. డోరు రబ్బరు బీడింగ్ లాగి చూస్తే పిల్లర్ల మీద కంపెనీ వెల్డింగ్ చుక్కలు ఒకే ఎడంలో గుండ్రంగా కనిపించాలి. పుట్టీ పూసినట్టు నున్నగా ఉంటే అక్కడ దెబ్బ తగిలింది. బానెట్, ఫెండర్ బోల్టుల మీద పెయింటు చెదిరితే అవి ఎప్పుడో విప్పినవి. బంపరు, ఫెండరు మారిస్తే కంగారేం లేదు, మన రోడ్ల మీద మామూలే. ఏప్రాన్ (బానెట్ కింద ఇంజన్‌కు పక్కన ఉండే రేకు), పిల్లర్లు, చాసిస్ ముట్టుకున్న బండి మాత్రం ఎంత చవకైనా వద్దు.

మీటర్ తిప్పడం ఇప్పుడు పది నిమిషాల పని. 45 వేలు చూపించే బండిలో క్లచ్ పెడల్ రబ్బరు అరిగి మెరుస్తుంటే, స్టీరింగ్ తోలు నున్నబడి ఉంటే మీటర్‌ను నమ్మకండి. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనది. 2017 బండికి 45 వేల కిలోమీటర్లకే టైర్లు ఎందుకు మార్చారో అడగండి. అన్నిటికన్నా గట్టి రుజువు కంపెనీ సర్వీస్ రికార్డు. ఓనర్‌ను వెంటబెట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్తే నంబరు కొట్టి ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లకు ఏం చేశారో చూపిస్తారు. రాను అనే ఓనర్‌కు ఓ దండం పెట్టి వచ్చేయడమే.

నడిపేటప్పుడు కనీసం 20 కిలోమీటర్లు, అందులో సగం హైవే మీద నడపండి. ఏసీ ఫుల్లుగా పెట్టి మధ్య వరస పైన ఉండే బ్లోయర్ కూడా పనిచేస్తోందో లేదో చూడండి. చాలామంది ఇది మర్చిపోతారు. నాలుగో గేరులో 40 వేగం నుంచి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ అయిపోయింది. స్పీడ్ బ్రేకర్ల మీద ముందు వైపు టకటకమంటే లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు. అవి చిన్న ఖర్చే, బేరానికి పనికొస్తాయి.

ఇంకో హెచ్చరిక. ఎర్టిగాల్లో ట్యాక్సీగా తిరిగి తెల్ల ప్లేటుకు మారినవి చాలా ఉంటాయి. ఆర్.సి. చరిత్రలో ఆ మార్పు కనిపిస్తుంది. బండిని 80 దాటించి చూడండి. దాటకుండా ఇంజన్ గొంతు నొక్కినట్టు ఆగిపోతే ట్యాక్సీలకు వేగం దాటకుండా బిగించే స్పీడ్ గవర్నర్ ఇంకా ఉన్నట్టే.

ప్రశ్న: సీఎన్‌జీ ఎర్టిగా అయితే ఖర్చు తక్కువ కదా? – వి., విజయవాడ

కిలోమీటర్ ఖర్చు తక్కువే. కానీ 60 లీటర్ల సిలిండర్ కూర్చునేది డిక్కీలోనే. మీరు డిక్కీ కోసం ఎర్టిగా అడుగుతున్నారు, సీఎన్‌జీ దాన్నే తినేస్తుంది. నలుగురే తిరిగేవాళ్ళు మూడో వరస మడిచి సామాను పెట్టుకుంటారు కాబట్టి వాళ్ళకు పర్వాలేదు. కొనేటట్టయితే మూడు చూడండి. సిలిండర్‌కు మూడేళ్ళకోసారి జరగాల్సిన హైడ్రో టెస్ట్ (ఒత్తిడికి తట్టుకుంటుందా అని చేసే పరీక్ష) సర్టిఫికెట్, ఆర్.సి.లో ఇంధనం పెట్రోలు/సీఎన్‌జీ అని ఉండటం, ఇన్సూరెన్సులో కూడా సీఎన్‌జీ రాసి ఉండటం. బయట బిగించిన కిట్ అయితే ఆర్.సి.లో ఎక్కించారో లేదో మరీ జాగ్రత్తగా చూడండి. ఎక్కించకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

ప్రశ్న: నాకు స్టేషన్ వేగన్లంటే (డిక్కీ దాకా పైకప్పు సాగిన కార్లంటే) ఇష్టం. పాత ఇండిగో మెరీనా ఒకటి లక్షలోపు వస్తోంది. తీసుకోవచ్చా? – ఆర్., నిజామాబాద్

ఇష్టానికైతే తీసుకోండి, ఇంటి బండిగా వద్దు. మన దేశంలో ఈ రకం బండ్లు నిలదొక్కుకోలేదు. టాటా ఎస్టేట్, బలెనో ఆల్టూరా, మెరీనా, ఆక్టేవియా కాంబి అన్నీ వచ్చి వెళ్ళిపోయాయి. సెడాన్‌కు ఉన్న దర్జా లేదని, పైగా ధర ఎక్కువని జనం కొనలేదు. అదీ ఒకందుకు మన దురదృష్టమే, సామాను మోయడానికి అంత వాటమైన ఆకారం ఇంకోటి లేదు. మెరీనా ఇంజన్, సస్పెన్షన్ సామాను ఇండికా, ఇండిగోలతో కలుస్తుంది కాబట్టి మెకానిక్‌కు కొత్తేమీ కాదు. చిక్కంతా వెనక భాగంతోనే. వెనక డోరు, దాని అద్దం, టెయిల్ లైట్లు, వెనక బీడింగులు ఆ బండికే ప్రత్యేకం. ఒక్క అద్దం పగిలినా స్క్రాప్ యార్డుల చుట్టూ తిరగాల్సిందే. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి ఆర్.సి. పొడిగించారో లేదో ముందు చూడండి. పొడిగించని బండిని రోడ్డెక్కించే హక్కు ఎవరికీ లేదు.

ప్రశ్న: విజయవాడలో ఒక కన్సల్టెన్సీ దగ్గర 2021 బండి మార్కెట్ ధర కంటే లక్షన్నర తక్కువకు ఉంది. వరదలో మునిగిందేమో అని అనుమానం. ఎలా తెలుసుకోవాలి? – పి., ఏలూరు

అనుమానం సబబే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు వేల బండ్లు నీళ్ళలో ఉన్నాయి. బీమా కంపెనీలు పూర్తి నష్టం కింద తీసుకున్న బండ్లు వేలంలో అమ్ముడవుతాయి. అవి కడిగి, తుడిచి, సెంటు కొట్టుకుని మళ్ళీ మార్కెట్‌కు వస్తాయి. ఆ ఊళ్ళోనే కనిపిస్తాయని కూడా లేదు, ఎక్కువ భాగం పక్క జిల్లాలకో పక్క రాష్ట్రానికో పోతాయి.

ముందు సీట్ బెల్టు పూర్తిగా బయటికి లాగండి. చివరి అడుగులో బురద గీత ఉంటే ఇక చూడాల్సింది లేదు. బెల్టులు కొత్తవిగా, మిగతా బండి పాతదిగా ఉన్నా అంతే. సీటు కింద పట్టాలు, వాటి బోల్టులు తుప్పు పట్టాయా? స్టెప్నీ తీసి ఆ గుంతలో వేలు పెట్టి రుద్దండి, మెత్తటి ఒండ్రు మన్ను చేతికి అంటుతుంది. కడిగేవాళ్ళు అక్కడిదాకా రారు. డ్యాష్‌బోర్డు కింద టార్చి వేసి వైర్ల కనెక్టర్లు చూడండి. రాగి మీద ఆకుపచ్చ పూత కనిపిస్తే నీళ్ళు అంత ఎత్తుకు వచ్చినట్టు. హెడ్‌లైట్ లోపల నీటి మరక, రేకులో ఇరుక్కున్న గడ్డిపోచ కూడా సాక్ష్యమే. చివరగా అద్దాలన్నీ మూసి ఏసీ లేకుండా పావుగంట ఎండలో పెట్టి డోరు తీయండి. తడిసిన తివాచీ వాసన దాగదు.

ఇంజన్ మార్చుకుంటే సరిపోతుంది కదా అని అమ్మేవాళ్ళు అంటారు. నీళ్ళలో మునిగిన బండికి ఇంజన్ కన్నా వైరింగే పెద్ద జబ్బు. ఈరోజు పవర్ విండో, వచ్చే నెల ఏబీఎస్, ఆ తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు, ఇలా రెండు మూడేళ్ళపాటు ఒక్కొక్కటే పోతుంది. ఒకరోజు నడిరోడ్డు మీద బండి ఆగిపోతుంది, మెకానిక్‌కు కారణం దొరకదు. వివరాల కోసం పాత ఇన్సూరెన్సు పాలసీ నంబరు అడిగి, ఆ కంపెనీలో ఏ క్లెయిమ్ అయిందో ఓనర్ చేత కనుక్కోండి.

ప్రశ్న: దిల్లీ నంబరు డీజిల్ బండి ఇక్కడి కంటే రెండు లక్షలు తక్కువకు ఇస్తున్నారు. కొనొచ్చా? – ఎం., కరీంనగర్

దిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు ఉన్నాయి. అందుకే ఎనిమిది తొమ్మిదేళ్ళ బండ్లు అక్కడ చవకైపోయి మన వైపు వస్తాయి. కొన్ని నిజంగా బాగుంటాయి, తీరప్రాంతపు ఉప్పుగాలి తగలని బండ్లు కాబట్టి తుప్పు తక్కువ. కానీ ఆ రెండు లక్షలు మీ జేబులో మిగులుతాయనుకోకండి. ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది బండి ధరను, వయసును బట్టి ఉంటుంది. టోకెన్ ఇవ్వకముందే ఆర్టీఏ ఆఫీసులో ఆ బండి వివరాలతో లెక్క కట్టించుకోండి. ఆ మొత్తం కలిపి చూస్తే చాలాసార్లు ఇక్కడి బండి ధరతో సమానమవుతుంది.

కాగితాల్లో ముఖ్యమైనది ఫారం 28, అంటే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్.ఓ.సి. అది మీ జిల్లా ఆర్టీఏ పేరు మీద ఉండాలి. బండి మీద లోన్ ఉండి తీరిపోయి ఉంటే ఫారం 35, బ్యాంకు లెటరు కావాలి. 'ఎన్.ఓ.సి. తర్వాత పంపిస్తాం' అంటే డబ్బు కూడా తర్వాతే పంపించండి.

ప్రశ్న: మా అబ్బాయి బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మేం ఆర్నెల్లు ఉండటానికి వెళ్తున్నాం, చంటిపాప కూడా ఉంది. 6 వేల పౌండ్లలో ఎస్టేట్ కారు (స్టేషన్ వేగన్‌కు అక్కడి పేరు) కొంటానంటున్నాడు. అక్కడ ఏవి మంచివి? – ఒక తల్లి, గుంటూరు

మీ అబ్బాయి తెలివైన పనే చేస్తున్నాడమ్మా. మనకు ఇక్కడ దొరకని ఆ బండ్లు అక్కడ వీధికి నాలుగుంటాయి, ఎస్.యూ.వీ.ల మోజు వల్ల ధర కూడా తక్కువ. పాప బండి, నాలుగు పెద్ద సూట్‌కేసులు ఏ బెంగా లేకుండా పడతాయి.

మొదట చూడమనండి: టయోటా ఆరిస్ టూరింగ్ స్పోర్ట్స్ హైబ్రిడ్, 2013–2018. డిక్కీ 530 లీటర్లు. 1.8 ఇంజనుకు చైను ఉంటుంది. మామూలు క్లచ్, స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్ అసలు ఉండవు కాబట్టి అవి పాడయ్యే బాధ లేదు. చూడాల్సినవి కూలెంట్ తగ్గుతోందా అన్నది, వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి పోయే దారి దుమ్ముతో మూసుకుపోయిందా అన్నది. ఈ హైబ్రిడ్‌ల కింద ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను (పొగను శుభ్రం చేసే భాగాన్ని) దొంగలు కోసుకుపోతారు, రాత్రిళ్ళు ఎక్కడ నిలుపుతాడో ఆలోచించుకోమనండి.

రెండోది స్కోడా ఆక్టేవియా ఎస్టేట్, 2013 తర్వాతది, 1.4 పెట్రోలు, మాన్యువల్ గేరు. డిక్కీ 610 లీటర్లు. ఏడు గేర్ల డ్రై క్లచ్ ఆటోమేటిక్ జోలికి సర్వీస్ చరిత్ర లేకుండా పోవద్దు, దాని మెకట్రానిక్ యూనిట్ (గేర్లు మార్చే కంప్యూటర్ భాగం) పోతే బిల్లు బండి ధరలో పెద్ద ముక్క. ఫోర్డ్ ఫోకస్ ఎస్టేట్ చవగ్గా దొరుకుతుంది గానీ 1.0 ఎకోబూస్ట్‌లో టైమింగ్ బెల్టు ఆయిల్‌లో మునిగి తిరుగుతుంది. బెల్టు పొట్టు రాలి ఆయిల్ జల్లెడకు అడ్డుపడితే ఆయిల్ అందక ఇంజన్ పట్టేస్తుంది. బెల్టు మార్చిన బిల్లు లేకపోతే వద్దు.

డీజిల్ వద్దనడానికి రెండు కారణాలు. ఊళ్ళో చిన్న చిన్న ప్రయాణాలకు దాని మసి ఫిల్టర్ మూసుకుపోతుంది. పైగా బర్మింగ్‌హామ్ నడిబొడ్డున 2021 నుంచి క్లీన్ ఎయిర్ జోన్ (పొగ ఎక్కువ వదిలే బండ్లకు రుసుము వేసే ప్రాంతం) ఉంది. పొగ ప్రమాణాల్లో కనీసం యూరో 6 లేని డీజిల్‌కు, కనీసం యూరో 4 లేని పెట్రోలుకు రోజుకు 8 పౌండ్లు కట్టాలి. లండన్‌లో అదే 12.50.

నంబరు కొడితే ప్రభుత్వ సైటులో ప్రతి ఏటి ఎంఓటీ (అక్కడి ఫిట్‌నెస్) పరీక్ష ఫలితం ఉచితంగా కనిపిస్తుంది, మీటర్ రీడింగుతో సహా. మన దగ్గర లేని గొప్ప సదుపాయం ఇది. అక్కడ తుప్పు అన్న మాట రెండేళ్ళుగా వస్తుంటే బండి కింద చూడకుండా కొనొద్దు. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. కొన్ని పౌండ్లు కట్టి ఫైనాన్స్ బాకీ, క్యాట్ ఎస్, క్యాట్ ఎన్ అనే బీమా కంపెనీ నష్టం ముద్రలు ఉన్నాయేమో తనిఖీ చేయించాలి. ఎస్ అంటే చాసిస్‌కు దెబ్బ తగిలి బీమా కంపెనీ వదిలేసిన బండి. మన లైసెన్సు అక్కడ స్థిరపడిన నాటి నుంచి 12 నెలలే చెల్లుతుంది, ఆ సంగతి కూడా గుర్తుచేయండి.

ప్రశ్న: ఏడాది కిందట అమ్మేసిన బండి మీద చలానాలు ఇంకా నా ఫోన్‌కే వస్తున్నాయి. కొన్నాయన ఫోన్ ఎత్తడం లేదు. – బి., వరంగల్

ఆర్.సి.లో ఎవరి పేరుంటే చట్టం కళ్ళకు వారే ఓనర్. ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత కూడా వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. చలానాలు చిన్న సంగతి, భయపడాల్సింది దీనికి. అమ్మిన 14 రోజుల్లో ఫారం 29 మీరే ఆర్టీఏలో ఇవ్వాల్సింది. ఇప్పుడైనా డెలివరీ నోటు, డబ్బు అందిన బ్యాంకు వివరం, కొన్నాయన ఆధార్ నకలుతో రాతపూర్వకంగా ఆర్టీఏకు, పోలీస్ స్టేషన్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. కొన్నాయన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఈలోగా ఆ బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు నడుస్తోందో లేదో పరివాహన్ యాప్‌లో చూడండి. అయిపోయి ఉంటే ఆ విషయం కూడా ఫిర్యాదులో రాయండి.